డిశ్చార్జి బుక్కులో పాప పేరు

8 జూన్ 2025, ఆదివారం

ఈఏపీసెట్ ఫలితాలు వచ్చాయి. మా ఊళ్ళో నెట్ అందదు కాబట్టి పాపా నేనూ బండి మీద గూడెం కొత్తవీధి జంక్షన్‌కి వచ్చి చూసుకున్నాం. ఎస్టీ కోటాలో ఇంజనీరింగు సీటు ఖాయంగా వచ్చే ర్యాంకే. ఇంటర్‌లో వెయ్యికి 812. పాప ఫోను నా చేతికిచ్చి, "నాన్నా, మళ్ళీ ఒకసారి నువ్వు చదువు" అంది. చదివాను. దాని హాల్‌టికెట్ నంబరు పైకి చదువుతుంటే నా గొంతు పూడుకుపోయింది. పదిహేడేళ్ళు ఫౌజులో ఉండి, ఆ పిల్ల మొదటి అడుగు చూడలేదు, మొదటి బడి రోజు చూడలేదు. ఈ రోజు పక్కనే ఉన్నాను.

రాత్రి లాంతరు దగ్గర లెక్క వేశాను. ట్యూషన్ ఫీజు, హాస్టలు, మెస్సు, పుస్తకాలు, పండక్కి వచ్చిపోయే బస్సు ఛార్జీలు. ఏ మూల తగ్గించినా ఏడాదికి లక్షా ముప్పై వేలకు తగ్గడం లేదు. నాకు కమ్యుటేషన్ పోను చేతికొచ్చే పింఛను నెలకు 21,200. రిటైరైనప్పుడు వచ్చిన మొత్తం ఇంటి గోడలకీ రేకులకీ అయిపోయింది. మిగిలింది రెండెకరాల కాఫీ తోట, సిల్వర్ ఓక్‌కి పాకించిన మిరియాలు.

మా ఆవిడ లెక్క చూడలేదు. "పిల్ల చదవాలి, అంతే. ఎలాగన్నది నువ్వు చూడు" అని పడుకుంది.

14 జూన్, శనివారం

ఆదాయ ధ్రువపత్రం కోసం గ్రామ సచివాలయానికి వెళ్ళాను. ఫీజు రీయింబర్స్‌మెంటుకైనా, ఎస్టీ పిల్లల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుకైనా కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. అక్కడున్న కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. నా బ్యాంకు పాసుపుస్తకం చూసి కాలిక్యులేటర్ నొక్కాడు. 21,200 ఇంటూ 12. రెండు లక్షల 54 వేల 400.

"నాలుగు వేల నాలుగొందలు ఎక్కువైంది బాబాయ్" అన్నాడు.

నాలుగు వేల నాలుగొందలు. నెలకు 367 రూపాయలు. తోటలో వచ్చేది ఇంకా కలపనే లేదు. పింఛనుకి కాగితం ఉంది కాబట్టి ప్రతి రూపాయీ కనిపిస్తుంది. కరువు భత్యం పెరిగిన ప్రతిసారీ ఇంట్లో సంతోషించాం. ఆ పెరుగుదలే ఇప్పుడు పాపని గీతకి అవతల నిలబెట్టింది.

తప్పుడు ఆదాయం రాయించుకునే దారి ఒకటుందని బయట ఒకాయన చెవిలో చెప్పాడు. వద్దన్నాను. పదిహేడేళ్ళు యూనిఫాం వేసుకున్నవాడిని, పాప మొదటి కాగితం మీదే అబద్ధం పెట్టలేను.

6 జులై, ఆదివారం

ఫౌజులో నాకు సీనియరు, నేను ఉస్తాద్ అని పిలిచే హవల్దార్ సాబ్ అనకాపల్లిలో ఉంటారు. ఫోన్లో నా గోడు విని ఒకటే మాట అడిగారు. "పీఎం స్కాలర్‌షిప్పు సంగతి తెలీదా నీకు?"

పేరు విన్నాను. వివరం తెలీదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంటున్నాను.

కేంద్రీయ సైనిక్ బోర్డు ఇస్తుంది. 2006-07 నుంచి ఉంది. మాజీ సైనికుల పిల్లలకీ, సైనికుల వితంతువులకీ. బీటెక్, ఎంబీబీఎస్, బీఈడీ, బీబీఏ, బీసీఏ, బీఫార్మసీ లాంటి వృత్తి కోర్సులకే. మామూలు బీఏ, బీఎస్సీలకి కాదు. ఇంటర్‌లో 60 శాతం ఉండాలి. ఆడపిల్లకి నెలకు 3,000, మగపిల్లాడికి 2,500. ఏడాదికోసారి బ్యాంకులో వేస్తారు. దేశం మొత్తం మీద ఏటా 5,500 మందికి, సగం ఆడపిల్లలకి, సగం మగపిల్లలకి. యుద్ధంలో పోయినవారి పిల్లలకి మొదటి వరుస, గాయపడినవారికి తర్వాతి వరుసలు, మాలాంటి జవాన్ల పిల్లలు చివరి వరుస. ఏటా 50 శాతం మార్కులతో పాసవుతూ ఉంటే కోర్సు అయ్యేదాకా వస్తుంది. మా పాపకైతే ఏడాదికి 36,000, నాలుగేళ్ళకి లక్షా 44 వేలు.

"ఒక్కటి గుర్తుపెట్టుకో. మొదటి ఏడాదిలోనే పెట్టాలి. రెండో ఏడాదిలోకి వచ్చాక పెడితే తీసుకోరు" అన్నారు ఉస్తాద్.

ఆ మాట వినగానే మా వరస వదిన గుర్తొచ్చింది. ఆమె భర్త నాకంటే ముందు ఫౌజులో చేరినవాడు, రిటైరై ఇంటికొచ్చిన నాలుగేళ్ళకి గుండెపోటుతో పోయాడు. వాళ్ళ అబ్బాయి బీటెక్ మూడో ఏడు. సాయంత్రం వెళ్ళి అడిగాను.

"అలాంటిదొకటి ఉందని నాకెవరు చెప్తారు మరిదీ? ఆయన పోయాక ఆ పెట్టె నేను తెరవనే లేదు" అంది వదిన.

గోడవారగా నల్లటి రేకు ట్రంకు పెట్టె. దాని మీద తెల్ల పెయింటుతో ఆయన నంబరు, ర్యాంకు, పేరు. తాళం తుప్పు పట్టింది. ఆ అబ్బాయి ఫీజుకి అడ్డరోడ్డు దగ్గరి భూమి అమ్మారు. అదే ఏడు ఈ పెట్టె తెరిచి, లోపలి పుస్తకం పట్టుకుని ఒక్కసారి విశాఖ వెళ్ళి ఉంటే ఏడాదికి 30,000 చొప్పున వచ్చేది. ఆ సంగతి ఆమెకు చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చెప్పాను. చెప్పకపోతే వాళ్ళ చిన్నమ్మాయి విషయంలోనూ ఇదే జరుగుతుంది.

3 ఆగస్టు, ఆదివారం

పాపని విజయనగరం వైపు ఒక కాలేజీలో చేర్చి వచ్చాను. మొదటి కిస్తీ, హాస్టలు డిపాజిట్టు కలిపి 62,000 కట్టాను. అందులో నలభై వేలు అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ.

ఈ కొండల్లో ఎవరి పిల్లలు చదివినా ఇదే చిక్కు. కాఫీ పండు ఎర్రబడేది నవంబరులో. కోసి, తొక్క తీసి, కడిగి, ఎండబెట్టి గిరిజన సహకార సంస్థ జీసీసీకి వేసి, డబ్బు చేతికొచ్చేసరికి సంక్రాంతి. మిరియాలు ఆ తర్వాతే. కాలేజీవాళ్ళు ఫీజు అడిగేది ఆగస్టులో, ఇంట్లో తిండిగింజలు కూడా అడుగంటే నెలలో. షావుకారు లాభం ఆ ఐదు నెలల ఎడంలోనే ఉంది. స్కాలర్‌షిప్పు మంజూరైనా డబ్బు పడేది ఎప్పటికో. అది అప్పు తీరుస్తుంది గాని అప్పు చేయకుండా ఆపదు. ఇది ముందే తెలిస్తే కిందటి సంక్రాంతి కాఫీ డబ్బు లోంచే కొంత పక్కన పెట్టేవాణ్ణి. మా చిన్నోడికి ఎనిమిదో తరగతి. వాడి కోసం ఈ ఏటి నుంచే మొదలుపెడతాను.

19 ఆగస్టు, మంగళవారం

తెల్లవారుజామున సీలేరు నుంచి వచ్చే బస్సెక్కి విశాఖ వెళ్ళాను, సైనిక సంక్షేమ కార్యాలయానికి. ఫైల్లో అన్నీ ఉన్నాయనుకున్నాను. డిశ్చార్జి బుక్కు, పింఛను ఉత్తర్వు (పీపీవో), మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, పాప పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, కాలేజీ బోనఫైడ్, బ్యాంకు పాసుపుస్తకం.

బల్ల దగ్గరున్న ఉద్యోగి డిశ్చార్జి బుక్కులో కుటుంబ వివరాల పేజీ తెరిచి, పక్కన పదో తరగతి మెమో పెట్టి, రెంటి మీదా వేలు ఆనించాడు.

మెమోలో మా ఇంటిపేరు ముందు, పాప పేరు తర్వాత ఉన్నాయి. బుక్కులో ఇంటిపేరు లేదు. "కుమారి" అని రాసి పక్కన పాప పేరు, అదీ చివర ఒక అక్షరం తేడాతో. పాప పుట్టినప్పుడు నేను సరిహద్దులో ఉన్నాను. ఇంటి నుంచి ఉత్తరం వచ్చాక యూనిట్ ఆఫీసుకి వెళ్ళి నోటితో చెప్పాను. అక్కడి క్లర్కు మన తెలుగువాడు కాదు. ఇంటిపేరు ముందుంటుందని అతనికి తెలీదు, తన చెవికి విన్నట్టు రాశాడు. అలా వచ్చిన పార్ట్-2 ఆర్డరు మీదే మిగతా సర్వీసంతా నడిచింది. నేను చూసి సంతకం పెట్టాను. అక్షరం తేడా అప్పుడు పెద్దదిగా కనపడలేదు.

"మీ అమ్మాయే అని మాకు తెలుసండి, కంప్యూటరుకి తెలియాలి కదా" అన్నాడు ఆయన. దారి కూడా ఆయనే చెప్పాడు. మెజిస్ట్రేటు ముందు అఫిడవిట్టు చేయించాలి, మెమో, ఆధార్ జతచేయాలి, ఈ ఆఫీసు ద్వారానే సైన్యం రికార్డ్స్ ఆఫీసుకి పంపాలి. అక్కడ సరిచేశాకే దరఖాస్తు. అన్నీ రాసుకున్నాను. వెనక కుర్చీలో ఇద్దరు పెద్దవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఇద్దరివీ పేరు తేడాలే.

తిరుగు బస్సు నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుంటే లెక్క వేశాను. ఒక అక్షరం, లక్షా 44 వేలు.

31 ఆగస్టు, ఆదివారం

ఇక నా సంగతి. చాన్నాళ్ళుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్నాను.

నాకు డిగ్రీ చదవాలని ఉంది. డిగ్రీ తర్వాత బీఈడీ చేసి, మా ఆశ్రమ పాఠశాలల్లో ఏదో ఒకదాంట్లో సాంఘిక శాస్త్రం చెప్పాలని ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పుడు మా పిల్లలకి మావాళ్ళే చదువు చెప్పాలంటే మేము పోటీలో నెగ్గి రావాలి. ముందు పట్టా కావాలి.

నాకు ఉన్న దారులు ఒక్కొక్కటే చూశాను.

మెట్రిక్ పాసై 15 ఏళ్ళ సర్వీసు ఉన్న మాజీ సైనికుణ్ణి డిగ్రీ అడిగే కేంద్ర గ్రూప్-సి కొలువులకి అర్హుడిగా చూస్తారు. ఆ కాగితం నా దగ్గర ఉంది. కానీ అది ఉద్యోగానికి అర్హతే గాని డిగ్రీ కాదు. ఆంధ్రా యూనివర్సిటీ సైన్యంతో ఒప్పందం చేసుకుని, సర్వీసులో పొందిన శిక్షణని లెక్కలోకి తీసుకుని బీఏ హెచ్ఆర్ఎం పట్టా ఇస్తోంది. సెక్యూరిటీ సూపర్‌వైజరు, బ్యాంకు కొలువుల వైపు వెళ్ళే మావాళ్ళకి అది మంచి దారి. నాకు చరిత్ర చదవాలి, బళ్ళో చెప్పే సబ్జెక్టు కావాలి.

అందుకని ఇగ్నో. ఎస్సీ, ఎస్టీలకి కొన్ని కోర్సుల్లో ఫీజు మినహాయింపు ఉంది, ఒకసారికి ఒక కోర్సుకే. కుల ధ్రువపత్రం పెట్టి నిన్న దరఖాస్తు పూర్తి చేశాను. పరీక్ష ఫీజు పేపరుకి 200 మాత్రం మన జేబులోంచి. హిందీ మాధ్యమం తీసుకున్నాను. ఫౌజులో నేర్చిన హిందీ నాకు ఇంగ్లీషు కంటే సులువు.

ఒకటి మాత్రం మనసులో గుచ్చుకుంటోంది. పీఎం స్కాలర్‌షిప్పు సైనికుడి బిడ్డకుంది, సైనికుడు పోతే అతని భార్యకుంది. బతికి వచ్చి, ముప్పై ఆరేళ్ళకో నలభై ఏళ్ళకో మళ్ళీ పుస్తకం పట్టాలనుకునే సైనికుడికి లేదు. రీసెటిల్‌మెంట్ డైరెక్టరేటు సర్వీసు చివరి రోజుల్లో కోర్సులిస్తుంది, అవి పని నేర్పే కోర్సులు. కాలేజీకి వెళ్ళి కూర్చునే చదువుకి ఆసరా లేదు. సిపాయి అంటే పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళకే చదువు ఆపినవాడు. ఆపించింది అవసరం. ఆ ఆగిన చోటి నుంచి అతన్ని మళ్ళీ నడిపించడం దేశం చేయాల్సిన పని.

24 సెప్టెంబరు, బుధవారం

ఈ రోజుకి సరిగ్గా 103 ఏళ్ళు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో అల్లూరి సీతారామరాజు దళం మాటువేసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్ని చంపింది. ముందు నడిచిన మన సిపాయిల్ని పోనిచ్చి, వెనకొచ్చిన దొరల్నే గురిపెట్టారని మా తాతల కాలం నుంచి చెప్పుకుంటారు. దామనపల్లి మా మండలమే. చిన్నప్పుడు ఆ దారిన నడుస్తుంటే మా అయ్య చెయ్యెత్తి చూపించేవాడు.

ఆ రోజుల్లో ఈ కొండల్లో సిపాయి అంటే మా మీదికి వచ్చేవాడు. ఇప్పుడు మా ఇళ్ళలోంచి వెళ్తున్నాడు. ఇగ్నో పుస్తకంలో ఈ పితూరీకి దక్కింది కొద్ది వాక్యాలే. మా పిల్లలకి నేను పాఠం చెప్పే రోజు వస్తే ఆ ఘాట్ దగ్గరికే తీసుకెళ్ళి చెప్తాను.

అదే పుస్తకాల వరసలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సంగతి చదివాను. 1944 జూన్‌లో వాళ్ళు ఒక చట్టం చేశారు, జీఐ బిల్లు అంటారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు చదువుకుంటానంటే కాలేజీ ఫీజు ప్రభుత్వం కడుతుంది, చదివినన్నాళ్ళూ ఇంటి ఖర్చుకి భత్యం ఇస్తుంది. 1956 నాటికి 78 లక్షల మంది దాంతో చదువో శిక్షణో పొందారు. రైతు కొడుకులు ఇంజనీర్లయ్యారు, టీచర్లయ్యారు. నల్లజాతి సైనికులకి చాలాచోట్ల ఆ ఫలం అందలేదు. చట్టం ఉన్నా, దాన్ని అమలు చేసేవాళ్ళు తలుపు మూస్తే అంతే. ఆ దేశంలో ఇప్పటికీ ఆ పద్ధతి కొనసాగుతోంది.

మనది బీద దేశమని అనుకుంటాం. కానీ పాపకి అడగబోయే స్కాలర్‌షిప్పు జాతీయ రక్షణ నిధి లోంచి వస్తుంది. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు పెట్టిన నిధి అది. అప్పుడు ఆడవాళ్ళు గాజులూ గొలుసులూ తీసి ఇచ్చారు. పేరు తెలియని ఆ తల్లులు ఇచ్చిన నిధి ఇవాళ కొండ మీది పిల్లని చదివించగలదు. ఇవ్వడం మనకి చేతకాని పని కాదు.

16 అక్టోబరు, గురువారం

మంచి కబురు. ఉస్తాద్ పొద్దున్నే ఫోను చేశారు. రక్షామంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి కింద ఇచ్చే సాయాల్ని రెట్టింపు చేస్తూ నిన్న ప్రకటించారు. పిల్లల చదువు సాయం నెలకు 1,000 నుంచి 2,000కి. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా, ఇంటికి ఇద్దరు పిల్లలకి. హవల్దారు, అంతకన్నా కింది ర్యాంకుల వారికి. పీజీ చదివే వితంతువుకీ అంతే. ఆడపిల్ల పెళ్ళి సాయం 50 వేల నుంచి లక్షకి, 65 దాటి పింఛను లేని ముసలివాళ్ళకి నెలకు 4,000 నుంచి 8,000కి. నవంబరు 1 నుంచి పెట్టే దరఖాస్తులకి కొత్త రేటు.

సైకిలు తీసుకుని వదిన ఇంటికి పరుగు పెట్టాను. చిన్నమ్మాయి చింతపల్లి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో రెండో ఏడు. మామూలు డిగ్రీ కాబట్టి పీఎం స్కాలర్‌షిప్పు కిందికి రాదు, ఈ సాయం కిందికి వస్తుంది. పాసైన తరగతి మార్కుల పత్రం పెట్టి ఏడాదికోసారి అడగాలి. అంటే 24,000.

వదిన నూనె చుక్క వేసి ట్రంకు పెట్టె తాళం తీసింది. పైన మడతపెట్టిన ఆలివ్ గ్రీన్ కోటు. దాని కింద ప్లాస్టిక్ కవర్లో డిశ్చార్జి బుక్కు. అందులో ఇద్దరు పిల్లల పేర్లూ ఇంటిపేరుతో సహా మెమోలో ఉన్నట్టే ఉన్నాయి. మా అన్న దగ్గరుండి రాయించినట్టున్నాడు. వదిన ఆ పేజీ మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు.

30 అక్టోబరు, గురువారం

మొంథా తుపాను తీరం దాటి ఒకరోజు గడిచినా కొండల్లో వాన ఆగలేదు. కరెంటు లేదు. ఎర్రబడుతున్న కాఫీ పండు కొంత రాలింది.

నిన్నటి నుంచి ఫోను కలవని మా మేనల్లుడు ఇవాళ సాయంత్రం దొరికాడు. అగ్నివీర్‌గా చేరి రెండో ఏడు. వాడితో ఖచ్చితంగా మాట్లాడాను. వాడికి మాలాంటి ఏర్పాటు లేదు. నాలుగేళ్ళయ్యాక నూటికి పాతికమందిని మించి ఉంచుకోరు. బయటికొచ్చేవాళ్ళకి సేవానిధి వడ్డీతో కలిపి 11 లక్షల 71 వేలు వస్తుంది, పన్ను ఉండదు. కానీ పింఛను లేదు, మాజీ సైనికుడి హోదా లేదు. కాబట్టి రేపు వాడి పిల్లల చదువుకి నేను తిరుగుతున్న ఆఫీసులేవీ వాడికి తలుపు తీయవు. వాడికున్న చదువు దారి ఒక్కటే, సర్వీసులో ఉండగానే చదువుకోవడం. పదో తరగతితో చేరినవాళ్ళకి ఎన్ఐఓఎస్ పన్నెండో తరగతి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటుంది. ఇగ్నో అగ్నివీరుల కోసం పెట్టిన డిగ్రీలో సగం క్రెడిట్లు వాళ్ళ శిక్షణకే ఇస్తుంది, మిగతా సగం చదవాలి.

"డ్యూటీ అయ్యాక చదవాలంటే నిద్రొస్తుంది మావయ్యా" అన్నాడు.

"నిద్ర వస్తుంది, నాకు తెలుసు. నువ్వు ఈ నాలుగేళ్ళలో పట్టా తెచ్చుకుంటే సేవానిధి సొమ్ము తోటకో ఇంటికో మిగులుతుంది. లేకపోతే ఆ సొమ్ము పెట్టి చదవాలి" అన్నాను. వచ్చే నెలలో పేరు నమోదు చేయించుకుంటానని మాటిచ్చాడు.

12 నవంబరు, బుధవారం

పాప పేరు సరిచేసిన కాగితం రికార్డ్స్ నుంచి వచ్చింది. మా ఇంటిపేరు, పాప పేరు, అక్షరం తేడా లేకుండా. ఆవిడకి చదివి వినిపించాను. దేవుడి పటం ముందు పెట్టింది.

నర్సీపట్నం వెళ్ళి నెట్ సెంటర్లో దరఖాస్తు పూర్తి చేశాను. పాప ఫోనుకొచ్చిన ఓటీపీ హాస్టలు నుంచి చదివి చెప్పింది. ఫోటోలు, మెమోలు, బోనఫైడ్, బ్యాంకు మేనేజరు సంతకం చేసిన పత్రం ఒక్కొక్కటే ఎక్కించాం. రెండు గంటలు పట్టింది. వదిన చిన్నమ్మాయి దరఖాస్తు, మా చిన్నోడి దరఖాస్తు కూడా అక్కడే పెట్టాం. పనిలో పనిగా నా లైఫ్ సర్టిఫికెట్టూ ఇచ్చేశాను. పాపకి స్కాలర్‌షిప్పు వస్తుందో రాదో వరసలూ మార్కులూ తేలుస్తాయి. గడువులోగా, మొదటి ఏడాదిలోనే, నిజం కాగితాలతో అడిగాం. మా వంతు అది.

7 డిసెంబరు, ఆదివారం

సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి ఏటా ఈ రోజే. ఈ రోజు జనం చొక్కాకి చిన్న జెండా గుచ్చుకుని డబ్బాలో వేసే రూపాయలు చేరేది పతాక నిధికి. వదిన కూతురికి రాబోయే నెలకు 2,000 ఆ నిధి లోంచే. ఇన్నేళ్ళూ ఆ జెండా పెట్టుకున్నాను, ఆ రూపాయి ఎక్కడికి వెళ్తుందో ఈ ఏడే తెలిసింది.

మొన్న ఇగ్నో మొదటి పరీక్ష రాశాను. హాల్లో అందరూ పాప వయసు వాళ్ళే. మూడు గంటలు చెయ్యి ఆపకుండా రాశాను.

సంత రోజున జంక్షన్ దగ్గర చింతచెట్టు కింద కూర్చోవడం మొదలుపెట్టి మూడు వారాలైంది. ఒక బల్ల, ఒక ఫైలు. మొదటి వారం ఒక్కరే వచ్చారు. కిందటి వారం ఏడుగురు, అందులో ఇద్దరు వితంతువులు. ఏడుగురిలో నలుగురి పుస్తకాల్లో పిల్లల పేర్లు తేడాగా ఉన్నాయి. నాలుగు అఫిడవిట్లు రాయించాం.

వాళ్ళకి చెప్పే మాటలే ఇక్కడ రాసిపెడుతున్నాను, నేను లేనప్పుడు ఈ పుస్తకం ఎవరి చేతిలో పడినా పనికొస్తుందని. మీ ఇంట్లో ఫౌజు నుంచి వచ్చినవారి పెట్టె ఉంటే ఈ వారమే తెరవండి. డిశ్చార్జి బుక్కులో పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు బడి కాగితాలతో సరిచూడండి. బిడ్డ పదో తరగతిలో ఉండగానే తేడా దిద్దించండి. కాలేజీలో చేరిన మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టండి. రెండో ఏడు గుర్తొస్తే కోర్సంతా పోయినట్టే. డిగ్రీ చదివే బిడ్డకీ, బడికెళ్ళే బిడ్డకీ వేరే సాయం ఉంది, అది ఏటా అడగాలి. సర్వీసులో ఉన్న తమ్ముళ్ళూ, మీ చదువు అక్కడుండగానే పూర్తి చేసుకోండి.

ప్రభుత్వాన్ని కోరేది రెండే. పింఛను మీద బతికే జవాను ఇంటికి ఆదాయ పరిమితి కొంచెం సడలించండి. సైనికుడి బిడ్డకి ఇచ్చినట్టే, చదువు ఆపి తుపాకి పట్టిన సైనికుడికీ కాలేజీ ఫీజు ఇవ్వండి.

వచ్చే సంతకి వదిన కూడా వచ్చి బల్ల దగ్గర కూర్చుంటానంది. ఆడవాళ్ళు తనతో అయితే మొహమాటం లేకుండా మాట్లాడతారంది.